పాండు విస్తరి

మా వాకిలి నేను అలికినట్టు తొండుపల్లిల ఎవ్వరు అలకరు. పేడ పలచగ కలిపి, గోడకాన్నుంచి గడప దాక చెయ్యి ఎత్తకుండ అలుకుత. పైనుంచి విమానం పోతే దాని నీడ సుత వాకిట్ల సాఫుగ జారిపోవాలె, ఏడ గతుకు తగలొద్దు. ఏర్పోర్టు వచ్చినంక మాకు విమానాలు కాకుల లెక్క అయినయి. అసలు కాకులు మాత్రం పోయినయి. పిట్టలు విమానాలకు అడ్డం రావొద్దని అటు దిక్కు పటాకులు కాలుస్తరు. ఆ చప్పుడుకు బెదిరి కాకులన్ని హిమాయత్‌సాగర్ గట్టుకు చేరినయి. ఈ మాట ముందుగాల ఎందుకు చెప్తున్ననంటే, నా తమ్ముడు పాండు చచ్చినంక మాకు కావల్సింది ఒక్క కాకే.

పాండు నాకు తమ్ముడన్నది పేరుకు. వాని పురిట్లనే మా అమ్మ పోతే, నా చేతులల్ల పెరిగిండు. నా పెండ్లయి అత్తగారింటికి వచ్చేటప్పుడు వాణ్ణి సుత చంకల పెట్టుకొని వచ్చిన. నా పెనిమిటి కుర్మయ్య మెత్తని మనిషి. "రానియ్యి, ఇంకో కంచం పెడితే ఏం పోయింది" అన్నడు. ఆ ఒక్క మాటకు ఆయనను ఇన్నేండ్ల సంది భరిస్తున్న.

పాండు కుడి మోకాలు పైకి లేపి కూసొని తినేటోడు. విస్తరి పక్కన ఉల్లిగడ్డ పెట్టి, పిడికిలితోని ఒక్క గుద్దు గుద్దేటోడు. కత్తిపీటతోని కోసిస్తే ముట్టేటోడు కాదు. చిన్నప్పుడు ఎద్దు తొక్కి ఎడమ కాలి చిటికెన వేలు పైకి లేచిపోయింది, నడిస్తే ఆ వేలు నేలకు ఆనదు. మా నాయిన కల్లు తాగి తాగి చచ్చిండని పాండు కల్లు దుకాణం ముంగట నడవకపోయేది. రోడ్డు దాటి అవతలి పక్కకెళ్ళి పోయేటోడు. ఇది గుర్తు పెట్టుకోండ్రి.

మా ఊరికి, కొత్వాల్‌గూడకు నడుమ రోడ్డు మీద ఒక తెల్ల బంగ్లా లేచింది. మేము మందుల బంగ్లా అనేటోళ్ళం. కొత్త మందులు దుకాణాలకు రాకముందు మనుషుల మీద చూస్తరంట. పోయినోళ్ళకు గోలీలు మింగపెట్టి, రకతం తీసి, కొన్నొద్దులు పండపెట్టుకొని, పైసలిచ్చి పంపుతరు. మనుషులను జమ చేసేటోడు మా ఊరి మల్లేశ్వర్. భూములున్నప్పుడు భూములకు దళారి, భూములైపోయినంక మనుషులకు దళారి. వాని బిడ్డ పెండ్లిల నన్ను దాటి నా పక్కదానికి ఆకువక్క ఇచ్చిండు. అది వేరే సంగతి. కని నేను మరువలే.

"ఆటోకు అడ్వాన్సు కట్టాలె అక్కా. ఏర్పోర్టు కిరాయిలు కొడితే బతుకే వేరుంటది" అన్నడు పాండు.

"రకతం అమ్ముకొని ఆటో కొంటవారా?"

"అమ్ముతలేనక్కా. జర కిరాయికిస్తున్న" అని నవ్విండు.

పోయిండు. వచ్చినంక నవ్వలే.

కండ్లు పసుపు పూసినట్టు అయినయి. గోర్లు నేరేడు రంగుకు తిరిగినయి. చెంబు మీద చెంబు నీళ్ళు తాగుడు, మొకం వికారంగ పెట్టుడు. "అక్కా, నీళ్ళకు ఇనుము రుచి ఎందుకొస్తుంది?" అని అడిగిండు. నేను కుండ తోమిన. బాయి మార్చిన. పక్కింటి నీళ్ళు అడిగి తెచ్చిన, నేను ఎవ్వరిని ఏమీ అడగని దాన్ని. అయినా ఇనుమే అన్నడు.

ఆ రాత్రి నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. "కడుపు మండుతుంది, ఇగ వద్దు సారూ అన్ననక్కా. పెద్ద డాక్టరే వచ్చి నా గదుమ పట్టుకున్నడు. 'రెండే కదా పాండూ, మింగెయ్' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు."

తెల్లారి పట్నం దవాఖానకు తీసుకపోతుంటే తొవ్వలనే పోయిండు. ఆటోలనే పోయిండు.

మేము శవాన్ని ఇంటికి తేకముందే బంగ్లా మాట ఊర్లకు వచ్చింది. పాండు కల్లు తాగి కార్జం చెడగొట్టుకొని చచ్చిండంట. మల్లేశ్వర్ నలుగురిల నిలబడి చెప్తుండు. నేను వాని దిక్కు చూసిన. వాడు చెప్పు తెగినట్టు కిందికి చూసుకున్నడు.

మరునాడు ఒక ఆడపిల్ల మొకానికి చున్నీ కట్టుకొని వచ్చింది. పేరు కావేరి. ఆంధ్ర దిక్కు పిల్ల, రాజేంద్రనగర్‌ల రూము తీసుకొని ఉంటది, ఆ బంగ్లాల నర్సు. లోపలికి వచ్చి చున్నీ తీసి ఏడ్చింది.

"మీ తమ్ముడొక్కరే కాదమ్మా. కొత్వాల్‌గూడ ఆయనా, ఇంకో ఇద్దరూ ఇలాగే పోయారు. ఆ బిళ్ళ లివరును తినేస్తుందని డాక్టరు గారికి తెలుసు. తెలిసే మోతాదు పెంచారండీ."

"తెలిసి ఎందుకు పెంచిండు బిడ్డా?"

"మందు బాగా పని చేస్తోందని చూపించాలి కదా. విదేశం వాళ్ళు కంపెనీ కొంటున్నారు. చావులు బయటపడితే కొనరు. అందుకే అందరూ తాగుబోతులైపోయారు. మీ ఇంట్లోవాళ్ళే అవునని సంతకం పెడితే, ఆయన అమ్ముకుని విమానమెక్కి వెళ్ళిపోతారు."

నలుగురు చచ్చిన్రు, నలుగురికి ఒక్కటే కల్లు పోసిండు ఆ డాక్టరు. ఆయన పేరు రాజారావు.

మూడో దినం పిట్టకు పెట్టినం. తెలువనోళ్ళకు చెప్తున్న. చచ్చినోనికి ఇష్టమైనయన్ని వండి, బొందలగడ్డ కాడ ఆకుల పెట్టి దూరం జరుగుతం. కాకి వచ్చి ముట్టాలె. ముట్టకపోతే చచ్చినోని మనసుల ఏదో కోరిక ఉన్నట్టు. అప్పుడు అయినోళ్ళు ఒక్కొక్కరు ముంగటికి పోయి, నీ కోరిక మేము తీరుస్తమని మాటియ్యాలె. సరైన మాట పడితే కాకి దిగుతది. ఆ మాట తప్పొద్దు.

పొద్దు నెత్తిమీదికి వచ్చింది. అటు దిక్కు పటాకులు పేలుతనే ఉన్నయి. ఆఖరుకు ఒక్క కాకి వచ్చింది. కంచె తీగె మీద కూసున్నది. దిగలే.

"పాండూ, నీ ఆటో నేను తీసి నీ పేరు రాపిస్త" అన్నడు కుర్మయ్య. దిగలే.

"నీ అక్కను మేము అర్సుకుంటం" అన్నరు పాలోళ్ళు, మా దాయాదులు. నన్ను అర్సుకునే మొకాలేనా అవి! కాకి సుత దిగలే.

మల్లేశ్వర్ ముంగటికి వచ్చిండు. "తమ్మీ, జర కల్లు గిట్ల పొయ్యాల్నా?"

కాకి వానికి తోక తిప్పి కూసున్నది. నేను చూసిన, నాకు నవ్వొచ్చింది. తమ్ముని బొంద కాడ నవ్విన.

అందరిని దూరం పొమ్మన్న. ఆకు కాడ కూసొని, నా నోరు నాకే వినపడేటంత సన్నగ అన్న.

"నీకు మింగపెట్టినోనికి నీ విస్తరిల తినిపిస్త."

కాకి దిగింది. మెతుకు మిగలకుండ తిన్నది. తినుకుంట తినుకుంట నా దిక్కు చూసింది.

ఏం మాటిచ్చినవే అని కుర్మయ్య ఎన్ని తీర్ల అడిగినా చెప్పలే. ఆ మాట నాకు, కాకికి, పాండుకు తప్ప ఎవ్వరికి తెల్వది.

ఇగ పదకొండోనాడు దినాలొచ్చినయి. దినాలనాడు చచ్చినోనికి ఒక విస్తరి వేరుగ పెడతం. లోపలి అర్రల పీట ముంగట మోదుగాకు విస్తరి పరిచి, అన్ని వడ్డించి, దీపం పెట్టి, తలుపు దగ్గరికేస్తం. చచ్చినోడు వచ్చి తిని పోతడని. పొద్దు గూకినంక తీసి ఆవుకు పెడతం. బతికినోళ్ళు ఎవ్వరు ఆ విస్తరి ముట్టరు. ఎంగిలి వేలితోని సుత ముట్టరు.

యాటకూర, గారెలు, పప్పు, అన్నం, ఇంత నెయ్యి. అన్ని నేనే వండిన. నా వంటకు ఎవ్వరు వంక పెట్టలేరు. తలుపేసి బయటికి వచ్చినంక యాదికొచ్చింది, ఉల్లిగడ్డ పెట్టలే. ఒకసారి తలుపేసినంక మళ్ళ తీయొద్దు. ఆ దినమంత నాకది పంటి కింద రాయి లెక్క ఉండె.

చుట్టాలు తిన్నరు, పోయిన్రు. గిన్నెలు తోమి బోర్లించిన. పొద్దు గూకుతుందనంగ వాకిలి మళ్ళొకసారి అలికిన. అంతమంది తొక్కిన వాకిలిని తెల్లారేదాక అట్లనే ఉంచే దాన్ని కాదు నేను. కరెంటు పోయింది.

అప్పుడొచ్చింది తెల్ల కారు. ఒక్కడే నడుపుకుంట వచ్చిండు. పచ్చి వాకిట్ల బూట్లతోని టకటక నడిచి వచ్చి గడప ముంగట నిలబడ్డడు. అలికిన వాకిలి ఎట్లయిందో నేను చెప్పనవసరం లేదు.

"రుక్కమ్మగారూ, నమస్కారమండీ. నా పేరు రాజారావు. డాక్టర్ని. జరిగింది చాలా బాధాకరం. పాండు మా కుటుంబ సభ్యుడిలాంటివాడు."

"మీ కుటుంబంల ఎవ్వరికన్న ఆ గోలీలు ఇచ్చిన్రా సారూ?"

నవ్విండు. మెత్తగ, పండ్లు కనపడకుండ. పాండు చెప్పిన నవ్వు ఇదే అనుకున్న.

"కోపం సహజమేనమ్మా. ఇదిగో, చిన్న కాగితం. మీ తమ్ముడికి తాగుడు అలవాటుందని, మా తప్పేం లేదని. మీకు ముట్టవలసింది మీకు ముడుతుంది. నాకు ఈ రాత్రికే విమానం ఉంది. వేలిముద్ర వేసేస్తే..." అని సిరా డబ్బా తీసిండు.

"నేను వేలిముద్ర వెయ్య. నాకు సంతకం వస్తది. పాండు నేర్పిండు." నాకు వచ్చిన చదువు ఆ మూడక్షరాలే. కని అది చదువే.

"ఇంకా మంచిది."

"పెడత. కని ఇది దినాలిల్లు. గడప దాక వచ్చినోడు తినకుండ పోతే మాకు అరిష్టం. తిన్నంక సంతకం పెడత."

ఆయన గడియారం చూసుకున్నడు. నా మొకం చూసిండు. కాయిదం చూసిండు. "సరే, రెండు ముద్దలు తింటాను. ఎక్కడ?"

గిన్నెలన్ని బోర్లించి ఉన్నయి. ఇంట్ల ఒక్క మెతుకు లేదు. అర్రల ఉన్న విస్తరి తప్ప.

"లోపల వడ్డించే ఉన్నది సారూ" అన్న. అబద్ధం ఆడలే. నేను అబద్ధం ఆడను.

కుర్మయ్య నా కొంగు పట్టుకున్నడు. "ఏందే రుక్కీ... అది వాని విస్తరి... వద్దే" అని చెవుల అన్నడు. నేను కొంగు విడిపించుకున్న. ఆయనకు అప్పుడు ఎరుకైంది నేను కాకికి ఏం మాటిచ్చిన్నో. గోడకు ఒరిగి కూలబడ్డడు.

డాక్టరు గడప కాడ బూట్లు ఇడిసిండు. అర్రలకు పోయిండు. తలుపు దానంతల అదే దగ్గరికి పడ్డది.

మేమిద్దరం బయట కూసున్నం. తలుపు సందుల దీపం వెలుగు దారం లెక్క కనపడుతుంది. నేతి వాసన. ముద్ద కలుపుతున్న చప్పుడు. నములుతున్న చప్పుడు. ఏర్పోర్టు దిక్కు ఒక విమానం లేచింది, ఇల్లంత అదిరింది, ఆ మోత మెల్లమెల్లగ పోయింది. మోత పోయినంక విన్నం.

లోపల రెండు నోర్లు నములుతున్నయి.

"అబ్బే, చాలండీ" అన్నడు డాక్టరు. మర్యాదగ, పెండ్లి బంతిల వడ్డిస్తే అన్నట్టు. "చాలు, చాలు... ఇంక వద్దండీ."

కుర్మయ్య నా మోచెయ్యి పట్టిండు. "వడ్డిస్తున్నదెవరే..."

"ఎవ్వరు లేరు."

దబ్ మని నేల మీద పిడికిలి గుద్దిన చప్పుడు.

ఒక్కటే గుద్దు.

ఆ వెంటనే తలుపు సందులకెళ్ళి వాసనొచ్చింది. పచ్చి ఉల్లిగడ్డ వాసన. కండ్లల్ల నీళ్ళు తిరిగేటంత ఘాటుగ. ఆ అర్రల ఉల్లిగడ్డ లేదు. నేను పెట్టలే.

"వద్దండీ... నా వల్ల కాదు..." డాక్టరు గొంతు మారింది. "కడుపు మండుతోందండీ... దయచేసి... వద్దు..."

దీపం సన్నగైంది. తర్వాత, గోడకు ఆవలి నుంచి వచ్చినట్టు, సన్నగ...

"రెండే గద సారూ... మింగు."

ఆ గొంతు నాకెరుకే. నా ఒడిల పడుకొని మాటలు నేర్చిన గొంతు.

కుర్మయ్య లేవబోయిండు. నేను ఆయన భుజం పట్టి కూసోపెట్టిన. లోపల గొంతుకు అడ్డం పడ్డట్టు గుటక. మళ్ళ గుటక. మళ్ళ.

తలుపు తెరుసుకుంది. డాక్టరు వచ్చిండు. మొకం సున్నం కొట్టిన గోడ లెక్క ఉన్నది. నన్ను చూడలే. కాయిదం అడగలే. చూరు కింద ఉన్న కుండ కాడికి పోయి, చెంబు ముంచుకొని ఎత్తి తాగిండు. మళ్ళ ముంచిండు. మూడో చెంబు నడుమల ఆపి, నా దిక్కు తిరిగిండు.

"అక్కా... నీళ్ళకు ఇనుము రుచి ఎందుకొస్తుంది?"

మా యాసల అడిగిండు. ఆయన మాటల కాదు.

ఆయన బూట్లు అక్కడనే ఇడిసి, ఉత్త కాళ్ళతోని వాకిలి దాటి పోయిండు. కారు పోయింది.

దీపం పట్టుకొని వాకిట్ల చూసిన. వచ్చినప్పటివి ఒక్క మనిషి బూట్ల గుర్తులు. పోయినప్పటివి ఇద్దరివి. పక్కపక్కన, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకొని నడిచినట్టు, రెండు జతల ఉత్త పాదాలు. అండ్ల ఒక ఎడమ పాదానికి చిటికెన వేలు అచ్చు పడలే.

అర్రలకు పోయిన. విస్తరి నేను వడ్డించింది వడ్డించినట్టే ఉన్నది. గారె విరగలే. నెయ్యి గడ్డకట్టి ఉన్నది. ఒక్క మెతుకు కదలలే.

మరునాడు పొద్దు గూకినంక కావేరి ఫోను చేసింది. డాక్టరు ఏర్పోర్టుల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండంట. కోసి చూసినోళ్ళు ఆమెకు చెప్పిన్రంట, కడుపుల మెతుకు లేదంట. గొంతు దాక తెల్ల గోలీలేనంట, ఒక్కటి సుత కరగలేదంట. కంపెనీ కొనవచ్చినోళ్ళు బేరం ఇడిసిపెట్టి పోయిన్రు. బంగ్లాకు తాళం పడ్డది. నలుగురు చచ్చింది దేనికో ఇప్పుడు ఊర్ల చిన్న పిల్లలు సుత చెప్తరు. మల్లేశ్వర్ ఊరు ఇడిసి పోయిండు. పాండు తాగుబోతని ఇగ ఎవ్వరు అనలే. ఆ కాయిదం నేను పొయ్యిల పెట్టిన. ఆ మంట మీద చాయ కాసుకొని తాగిన. మంచిగున్నది.

నాకు అయ్యో అనిపించలే. ఇప్పటికి అనిపియ్యలే.

మళ్ళ కొన్ని దినాలకు ఒక ఆమె వచ్చింది. తెల్ల చీర, బొట్టు లేదు. చేతిల స్టీలు డబ్బా, మూతకు పసుపు గుడ్డ కట్టి ఉన్నది. గడప బయటనే నిలబడ్డది. నా వాకిలి తొక్కకుండ పక్కకెళ్ళి వచ్చింది, అది చూసిన నేను.

"నా పేరు నాగమణి. రాజారావు గారి భార్యనండీ. మీరేనా రుక్కమ్మగారు?"

"నేనే. నా పేరు మీకెవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. అదే నాకు భయంగా ఉంది." పెదవి కొరుక్కున్నది. "పదోరోజు పిండం కాకి ముట్టలేదు. ఎన్ని మాటలిచ్చినా దిగలేదు. ఆఖరికి నా నోట్లోంచి మీ పేరొచ్చింది. మీరెవరో, ఎక్కడుంటారో తెలియదు. ఊరి పేరు కూడా నోట్లోంచే వచ్చింది. 'ఏమండీ, మీ విస్తరిలోది రుక్కమ్మకు తినిపిస్తాను' అని ఆయనకు మాటిచ్చానండీ. వెంటనే దిగింది." డబ్బా ముంగటికి చాపింది. "ఒక్క ముద్ద తినండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. రోజూ సాయంత్రం ఆయన వీధి గుమ్మంలో వచ్చి నిలబడుతున్నారు. ఉత్త కాళ్ళతో."

కాకికి నేను చెప్పిన మాటే అది. తిప్పి చెప్పిన మాట.

"నేను ఒకరి ఇంటి ముద్ద ముట్టను" అన్న. "నా తమ్ముణ్ణి తిన్నోని ముద్ద అసలే ముట్టను. పో."

ఆమె ఏడ్వలే. డబ్బా అరుగు మీద పెట్టి, దండం పెట్టి పోయింది.

"తప్పే రుక్కీ. చచ్చినోని కోరిక. ఒక్క ముద్ద తిని అవతల పారేస్తే ఏం పోయింది?" అన్నడు కుర్మయ్య.

"నువ్వు ఊకో."

తీసుకపోయి హిమాయత్‌సాగర్ల పడేసి రమ్మన్న. పడేసి వచ్చిండు. పొద్దుగాల చూస్తే అరుగు మీద ఉన్నది. ముట్టి చూసిన. వెచ్చగున్నది, ఇప్పుడే పొయ్యి మీదికెళ్ళి దింపినట్టు. ఈసారి నేనే తీసుకపోయి మందుల బంగ్లా గోడ మీదికెళ్ళి లోపలికి విసిరిన. మళ్ళ తెల్లారి అరుగు మీదనే. వెచ్చగ. నేను భయపడేటోళ్ళల్ల దాన్ని కాదు. డబ్బా మూత మీద ఉన్న గుడ్డకు ఇంకో ముడి నా చేతులతోని వేసిన. నా ముడి నేను తప్ప ఎవ్వరు ఇప్పలేరు, ఇప్పితే నాకు తెలుస్తది. ఉంటే ఉండనీ అనుకున్న. వాకిలి అలికేటప్పుడు ఆ అరుగు ఒక్కటి ఇడిసిపెట్టి అలుకుతున్న.

ఇయ్యాల పొద్దుగాల గుడ్డ చూసిన. ముడి నేను వేసింది వేసినట్టే ఉన్నది. కొస సుత కదలలే. ఆనాడు పాండు విస్తరిల మెతుకు సుత ఇట్లనే కదలలే.

కుర్మయ్య లేచి మొకం కడుక్కొని కుండ కాడికి పోయిండు. చెంబు ముంచుకొని తాగిండు. మళ్ళ ముంచిండు. మూడో చెంబు నడుమల ఆపి, నోరు చప్పరించి, నా దిక్కు తిరిగిండు.

"రుక్కమ్మగారూ..." అన్నడు నా పెనిమిటి, మెత్తగ, పండ్లు కనపడకుండ నవ్వుకుంట. "ఈ నీళ్ళకు ఇనుము రుచి ఎందుకొస్తోందండీ?"